కనుబొమ్మల కెప్టెన్

"టిప్పు ముందే ఇవ్వకపోతే మనల్ని నడిసముద్రంలో వదిలేసి ఈదుకుంటూ వెళ్ళిపోతాడేమో," అంది గ్లెనిస్. "ఇస్తే లంచమనుకుని పోలీసుల్ని పిలుస్తాడేమో."

"ఈదుకుంటూ పోయేవాడు పోలీసుల్ని ఎలా పిలుస్తాడమ్మా?" అంది కూతురు టామ్సిన్, బొప్పాయి ముక్క నములుతూ.

టోంగా దీవుల్లో నెయాఫు రేవుకి ఎదురుగా ఉన్న బస వరండాలో శనివారం పొద్దున ఆ ముగ్గురూ ఫలహారం ముగిస్తున్నారు. వేసుకున్న పథకం చాలా మామూలుది. అద్దెకు తీసుకున్న తెరచాప పడవ ఎక్కాలి, చీకటి పడేలోపు మోతులేవా దీవికి చేరాలి. మొదటి రోజు పడవల ఆఫీసు తాలూకు కెప్టెన్ వెంట వస్తాడు. గ్లెనిస్ భర్త మెర్వ్ పడవ ఎలా నడుపుతాడో చూస్తాడు. సాయంత్రం కెప్టెన్ సరే అంటే మిగతా రోజులన్నీ పడవ మెర్వ్ చేతికి వదిలేస్తారు. కాదంటే కెప్టెన్ చివరిదాకా వీళ్ళతోనే ఉంటాడు.

ఆస్ట్రేలియాలో వాళ్ళుండే మిల్డూరా ఊరి బయట సరస్సులో, స్నానాల తొట్టి కంటే కొంచెం పెద్ద పడవలో, మెర్వ్ ఏళ్ళ తరబడి గుండ్రంగా తిరిగాడు. అసలైన సముద్రం మీద, పక్కన ఎవరూ లేకుండా, ఒక్కసారి పడవ నడపాలన్నది అతని కోరిక. పక్కన ఎవరో ఒకరు ఉండాలన్నది గ్లెనిస్ కోరిక. పెళ్ళయినప్పటి నుంచి వాళ్ళిద్దరి మధ్యా ఉన్న తేడా అంతా ఇంతే.

ఇక టిప్పు సంగతి. మిల్డూరాలో హోటలు బల్ల మీద చిల్లర వదిలేస్తే, మరిచిపోయారనుకుని వడ్డించిన పిల్ల వీధిదాకా పరిగెత్తుకొచ్చి చేతిలో పెడుతుంది. అందుకని ఆ ఇంట్లో ఎవరికీ ఈ విద్య అబ్బలేదు. ఓడ ప్రయాణం చేసొచ్చిన పక్కింటి నోయెలీన్ మాత్రం ఒక రహస్యం చెప్పి పంపింది. ముందే ఇవ్వాలి, మడిచి ఇవ్వాలి, రెండో కంటికి తెలియకూడదు.

రేవులో వీళ్ళ పడవ వెనక భాగంలో ఒక భారీ మనిషి అప్పటికే కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా, నల్లటి లుంగీలాంటి వస్త్రం, దాని మీద నడుముకు అల్లిన చాప, ఒళ్ళో గుడ్డలో చుట్టిన లావుపాటి పుస్తకం, కాళ్ళ దగ్గర పెండలం దుంపల బుట్ట.

"చాప కట్టుకున్నాడంటే పెద్ద హోదానే," అంది గ్లెనిస్ మెల్లగా.

గట్టు మీద నిక్కరు తొడుక్కున్న ఒకమ్మాయి ఖాళీ ఐసుపెట్టె ఈడ్చుకుంటూ మెర్వ్‌తో ఏదో అంది. ఇంజను చప్పుడులో అతనికేమీ వినపడలేదు. "ఐసు అమ్ముతున్నట్టుంది. వద్దని చెప్పు," అన్నాడు. గ్లెనిస్ వద్దని చెప్పింది. ఊరికే వద్దంటే శపిస్తుందేమోనని ఒక నాణెం కూడా చేతిలో పెట్టింది. ఆ అమ్మాయి నాణెం వైపు, గ్లెనిస్ వైపు చూసి, నవ్వుకుంటూ కొట్టువైపు వెళ్ళింది.

"బయల్దేరదామా?" అన్నాడు మెర్వ్ చాప మనిషితో.

ఆయన కనుబొమ్మలు ఒకసారి పైకెత్తి దించాడు. టోంగాలో అవునన్నమాటకి అంతకంటే ఖర్చు పెట్టరు. మెర్వ్ తాడు విప్పేశాడు.

రేవు దాటగానే ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఒక్క మాటా లేదు. మెర్వ్ ముఖం వెలిగిపోయింది. ఉద్యోగ జీవితమంతా అతను డ్రైవింగ్ లైసెన్సుల పరీక్షలు పెట్టి రిటైరయ్యాడు. కారు దిగేదాకా పెదవి విప్పని పరీక్షకుడని ఆ ఊళ్ళో పేరు.

"చూశావా?" అన్నాడు గ్లెనిస్ చెవిలో. "నేనూ ఇంతే. ఇతను గట్టివాడు. కళ్ళు మూసుకుని గాలి చప్పుడుతోనే మార్కులేస్తున్నాడు."

"పెదాలు కదులుతున్నాయి. ఏవో లెక్కపెడుతున్నాడు."

"నా తప్పులు."

"అయితే సాయంత్రందాకా పడుతుంది," అంది టామ్సిన్. మొహం మీద టోపీ బోర్లించుకుని ముందుభాగంలో పడుకుంది.

రేడియో గరగరమని ఎవరినో పిలవసాగింది. పరీక్షలో రేడియో ఏమిటని మెర్వ్ దాని నోరు నొక్కేశాడు. అతను తెరచాపతో తంటాలు పడుతుండగా గ్లెనిస్ మడిచిన నోటు తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"అయ్యా, మా ఆయన మంచివాడే. కానీ మీరు మాత్రం మమ్మల్ని వదలొద్దు."

ఆయన కళ్ళు తెరిచి నోటు చూశాడు. కళ్ళు చెమర్చాయి. కనుబొమ్మలు పైకి లేచి దిగాయి. నోటును గుండెకు తాకించి పుస్తకంలో దాచుకున్నాడు. గ్లెనిస్ మనసు కుదుటపడింది. కాసేపటికి, తక్కువిచ్చానేమో, అందుకే ఏడ్చాడేమో అనిపించింది. ఇంకొకటి ఇచ్చింది. టీ పెట్టడానికి కిందికి వెళ్ళి వచ్చేసరికి మెర్వ్ ఆయన పక్కనుంచి లేస్తూ, పర్సు జేబులో దోపుకుంటున్నాడు.

"దిక్సూచి చూపిస్తున్నాను," అన్నాడు అడక్కుండానే.

మోతులేవా చేరేసరికి ఊరంతా గట్టు మీదే ఉంది. అందరూ గొంతు కలిపి పాడుతున్నారు. "ఎవరో పోయారు," అంది గ్లెనిస్. ఎవరూ పోలేదు. అందరూ కలిసి ఆ పెద్దమనిషిని దింపుకుని, వీళ్ళ ముగ్గురినీ కూడా ఊరి హాలుకి తీసుకుపోయి ముందు వరసలో చాపల మీద కూర్చోబెట్టారు. మొన్నటి తుపానుకి బడి కప్పు ఎగిరిపోయింది. కొత్త కప్పుకి చందాలు పోగుచేయడానికి ఆటపాటలు పెట్టుకున్నారు. చేతులకు కొబ్బరినూనె రాసుకున్న ఒక పిల్ల నిదానంగా నాట్యం చేస్తుంటే, జనం లేచి వెళ్ళి ఆ నూనె మీద నోట్లు అతికించి వస్తున్నారు.

గ్లెనిస్‌కి అప్పుడర్థమైంది. ఇక్కడ టిప్పు ఒంటికి అతికించాలన్నమాట. తను దొంగసొమ్ములా చేతిలో కుక్కింది. ఆయన ఎంత అవమానపడి ఉంటాడో. ఇక ఆలస్యం చేయకుండా లేచి, గబగబా వెళ్ళి, చెమటతో తడిసిన ఆయన నుదుటి మీద ఒక నోటు అతికించింది.

హాలు దద్దరిల్లింది. నోటు అతికిందంటే ఆడాల్సిందే. ఆయన చాప సర్దుకుని లేచి, వయసు మరచి, ఎంతో హుందాగా ఆడాడు. ఊరు ఊరంతా ఎగబడి ఆయన్ని నోట్లతో కప్పేసింది. పాట ఆగాక ఆయన ఆయాసపడుతూ నోరు విప్పాడు. వీళ్ళకి అర్థమయ్యే భాషలోనే మాట్లాడాడు.

"రేపు చర్చిలో ప్రసంగానికి ఈ దంపతులు నన్ను ఉచితంగా తెచ్చారు. దారిపొడుగునా బడి కప్పు కోసం ఇస్తూనే ఉన్నారు. మొగుడికి తెలియకుండా పెళ్ళాం, పెళ్ళానికి తెలియకుండా మొగుడు. ఎంత గుప్తదానం. మమ్మల్ని వదలొద్దని ఈ తల్లి బతిమాలింది. సాయంత్రం మీ నోట మంచి మాట రావాలని ఈయన అడిగాడు. ఇదిగో, చెబుతున్నాను."

చప్పట్ల మధ్య మెర్వ్ మెల్లగా భార్యవైపు తిరిగాడు. "ప్రసంగమేంటి? సరే, అది తర్వాత. వదలొద్దన్నావా? నేను ఫెయిలవ్వాలని డబ్బిచ్చావా?"

"నువ్వెందుకిచ్చావు? పాసవ్వాలనేగా? ఎవరి దగ్గరా టీ నీళ్ళు కూడా ముట్టలేదని జీవితమంతా చెప్పుకున్నావు."

మెర్వ్‌కి కోపమొచ్చినా బాగుండేది. సరస్సులో గాలి ఆగిపోయిన రోజున ఒడ్డుకి తెడ్డు వేసుకుంటూ వచ్చేటప్పటి మొహం పెట్టుకుని, ఎవరో తెచ్చిపెట్టిన పందిమాంసం పళ్ళెం ముందు అలా కూర్చుండిపోయాడు. గ్లెనిస్ పొద్దుటి నుంచి చాలా ప్రమాదాలు ఊహించింది. ఇదొక్కటి ఊహించలేదు.

అప్పుడే తలనుంచి ఉప్పునీళ్ళు కారుతూ ఐసు అమ్మాయి లోపలికొచ్చింది.

"మీరిచ్చిన దాంతో ఐసు రాలేదమ్మా, అందుకే ఆలస్యమైంది," అంది. "నా పేరు లెసియేలి. మీ కెప్టెన్ని. ఐసు తెచ్చేలోపు వెళ్ళిపోయారు. రేడియోలో అరిచి అరిచి గొంతు పోయింది. చివరికి ఇంజను పడవ అడుక్కుని వచ్చాను."

"మరి ఆయన?"

"మా మావయ్య పౌలియాసి. దీవులకి జనాన్ని దాటించే పెద్ద పడవ చెడిపోతే, మనతో రమ్మన్నాను."

మెర్వ్ ఆయనకేసి చూశాడు. "బయల్దేరదామా అంటే అవునన్నారే?"

"పడవ మీది. అతిథి కాదంటాడా?" అన్నాడు పౌలియాసి.

లెసియేలి బయట ఆకాశం చూసింది. తెల్లారితే ఆదివారం. టోంగాలో ఆ రోజు పడవ కదలదు. "ఉండిపోవాలో, వెనక్కి వెళ్ళాలో నేనిప్పుడే తేల్చుకోవాలి. మావయ్యా, నువ్వు చూశావుగా. ఈయన ఎలా నడిపాడు? బాగుందంటే పడవ ఆయనకే వదిలేసి పోతాను."

ఈసారి కనుబొమ్మలు కదల్లేదు.

"నాకు సముద్రమంటే భయం, తల్లీ," అన్నాడు పౌలియాసి. "రేవు దాటగానే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. గట్టు తగిలాక తెరిచాను."

"నేను టోపీ కిందున్నాను," అంది టామ్సిన్.

"మరి చూసిందెవరు?"

అందరూ గ్లెనిస్ వైపు తిరిగారు. మెర్వ్ మాత్రం పళ్ళెం వైపే చూస్తున్నాడు. పొద్దుటి నుంచి రెప్పవేయకుండా చూసింది ఆమె ఒక్కతే. కొండ మూల తిరగ్గానే గాలి విరుచుకుపడినప్పుడు ఆమె కేక నోటిదాకా రాకముందే అతను తెరచాప దించేశాడు. నీళ్ళ రంగు మారినచోట, పగడపు దిబ్బ ఉందని ఆమె వేలు చూపేలోపే పడవ పక్కకు తిప్పేశాడు. మునిగిపోతామని ఆమె రోజంతా ఎదురుచూసింది. అతను ఒక్క అవకాశం కూడా ఇవ్వలేదు. ఇప్పుడు బాగాలేదని ఒక్క మాట అంటే చాలు, నోట్లిచ్చి కొనుక్కోబోయింది ఊరికే దొరుకుతుంది. బయట ఎవరో పొయ్యి మీద నీళ్ళు చల్లిన చప్పుడు వచ్చి ఆగింది. మెర్వ్ పళ్ళెంలో దుంపను ఇటునుంచి అటు జరిపాడు, మళ్ళీ అటునుంచి ఇటు.

"బాగానే నడిపాడు," అంది గ్లెనిస్ చివరికి. "కాకపోతే సోమవారం ఈ పెద్దాయన కూడా మాతోనే రావాలి. నేను చూస్తూ కూర్చుంటే, కళ్ళు మూసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలిగా."