శుక్రవారం చేప, ముగ్గురి కమిషన్

ఆ శుక్రవారానికి ఇస్తారి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండుకల్లా చేపల పులుసు దించాలి, పన్నెండుకు బామ్మర్ది అంజికి కడుపు నిండా పెట్టాలి, రెండింటికి బండెక్కించాలి. ఇద్దరూ బతకవచ్చిన ఎడారి దేశంలోనే, బహ్లా ఊళ్లో కట్టుబడి పని చేసే అంజి మర్నాడు సెలవు మీద ఊరికి పోతున్నాడు. "మీ బావ తిండి ఎట్లున్నదో కండ్లార చూసి రా. సక్కగ లేదంటె ఇగ కాంట్రాక్టు లేదు, గింట్రాక్టు లేదు, ఇంటికి రమ్మంట" అని ఇస్తారి భార్య శాంతవ్వ తమ్ముడికి ఉత్తరం రాయించింది. ఇంకో రెండేళ్లు ఇక్కడ ఉంటే గాని చేలో బోరు వేయించలేడు ఇస్తారి. ఉత్తరం సంగతి తెలిసినప్పటి నుంచి అతనికి అదే ఆలోచన. అందుకే సముద్రపు ఒడ్డు సువైక్ నుంచి వచ్చే కంపెనీ డ్రైవరును బతిమాలి మూరెడు వంజరం చేప తెప్పించాడు.

అడ్డల్లా ఒక్కటే. రుసైల్‌లోని ఆ క్యాంపులో మూడు గదులకూ కలిపి ఒకటే వంటగది. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యేదాకా అందులో చేప వండకూడదని చట్టం. నమాజుకు ఉతికిన బట్టలు ఆరేది ఆ వంటగది కిటికీ ముందే మరి.

చట్టం అన్నది మాటవరసకు కాదు. గోదాములో స్టోర్‌కీపరు, హైదరాబాదు సమీయుల్లాకు రేడియో వార్తల పిచ్చి. యూరప్ దేశాలు కలిసి ఒప్పందం రాసుకున్నాయని విన్న నాటి నుంచి ఆయన కాలు నిలవలేదు. పన్నెండు దేశాలు కలిసి బతకగా లేనిది, పన్నెండు మంది కలిసి బతకలేరా అని ఉప్పు మొదలు చీపురు దాకా ఉమ్మడి వ్యవహారాలన్నీ ఆ పద్ధతిలోనే నడిపిస్తున్నాడు. ప్రతిపాదన రాసేది కమిషన్, చర్చించి సవరించేది అందరూ కూర్చునే పార్లమెంటు, ఖాయం చేసేది గదికొక పెద్ద చొప్పున ముగ్గురి మండలి. ఈ ఏర్పాట్లన్నీ ఆయన విడమరిచి చెప్పిన వారం ఇస్తారి నైట్ డ్యూటీలో ఉన్నాడు. కొంప మునిగింది అక్కడే.

"భాయ్, ఇయ్యాల ఒక్కరోజు ఆ చట్టం జర సడలించుండ్రి. మా బామ్మర్ది వస్తుండు," అని ఇస్తారి పొద్దున్నే వెళ్లి అడిగాడు.

"దాందేముంది మియా," అన్నాడు సమీయుల్లా. "ముందుగాల కమిషన్ కావాలె. కమిషన్ లేకుంట ఏ కాయితం కదలది."

ఇస్తారికి ఇది కొత్త మాట కాదు. జగిత్యాలలో వీసా ఏజెంటు అచ్చం ఇదే మాట అన్నాడు.

"ఎంత?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"ముగ్గురు."

ఎవరెవరో పేర్లు కూడా కనుక్కుని, ఇస్తారి మూడు పెద్ద ముక్కలు కోసి మూడు గిన్నెల్లో పెట్టి ముగ్గురికీ ఇచ్చి వచ్చాడు. ఎంత మంచి మనసో అని సమీయుల్లా మురిసిపోయి, ప్రతిపాదన ఐదు నిమిషాల్లో రాసేశాడు. ముక్క పని చేసిందని ఇస్తారి లోలోపల సంతోషించాడు.

తొమ్మిదింటికి వాటర్ కూలర్ దగ్గర పార్లమెంటు కూర్చుంది. చేప వండవచ్చు అన్న ఒక్క వాక్యానికి పదకొండు సవరణలు వచ్చాయి. చింతపండా, టమాటానా? కొబ్బరి పడాలా, వద్దా? మెంతులు ఎవరు వేయమన్నారు? ఇస్తారి గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు.

"సవరణలు పడ్డయి గద, మళ్ల కమిషన్ కావాలె," అన్నాడు సమీయుల్లా.

ఇస్తారి పోయి మళ్లీ మూడు ముక్కలు కోసి ముగ్గురికీ పంచి వచ్చాడు.

మండలి కూర్చునేసరికి పదిన్నర దాటింది. వాసన విషయాల్లో ముగ్గురు పెద్దలూ ఒప్పుకుని తీరాలి. ఇద్దరు ఒప్పుకున్నారు. కడప వాళ్లుండే గది పెద్ద మొయినుద్దీన్ మాత్రం అడ్డంగా తలూపాడు.

"నేను వీటో ఏస్తాండా. నా పైజామా ఆడ ఆరతాంది. నీసు వాసనతో నమాజుకు ఎట్ల పోవల్లప్పా?"

"పైజామా జర పక్కకు జరుపుకోరాదు భాయ్?"

"బట్టల తాడు సంగతి వేరే చట్టం. దానికి వేరేగా కమిషన్ కావల్ల."

ఇస్తారి లేచాడు. చేపలో మిగిలిన ఒక్క కడుపు ముక్కా తెచ్చి మొయినుద్దీన్ చేతిలో పెట్టాడు. ఆయన ఆప్యాయంగా పుచ్చుకుని గదిలో పెట్టి వచ్చాడు. వీటో మాత్రం వెనక్కి తీసుకోలేదు. మరో గంట గుంజులాటయ్యాక పెద్దలు రాజీకి వచ్చారు.

"చట్టం పాసయింది మియా, ముబారక్," అన్నాడు సమీయుల్లా. "వచ్చే శుక్రవారం నుంచి అమలు."

ఇస్తారి పళ్లెంలో అప్పటికి మిగిలింది తలా తోకా. అతనికి ఒళ్లు మండింది.

"రెండుసార్లు కమిషన్ ఇచ్చిన. వీటోకు కడుపు ముక్క ఇచ్చిన. ఆ ఏజెంటుగాడే నయ్యం భాయ్, కమిషన్ తిన్నా వీసా అయితె ఇచ్చిండు."

సమీయుల్లా నోరు తెరిచాడు. "కమిషన్ ఇచ్చుడేంది? కమిషన్ అంటె మనుషులు. నేను, ఇస్రార్, అక్బర్. ముగ్గురం కూసోని రాస్తం."

"మరి ముక్కలెందుకు తీస్కున్నరు?"

"ప్రేమతోని పెడుతున్నవనుకున్న."

అంతలోనే హైదరాబాదు గదిలో నుంచి, కడప గదిలో నుంచి ఒకేసారి చేప ఉడుకుతున్న వాసన గుప్పుమంది.

"ఇదేంది భాయ్? మీరు వండుతున్నరు?"

"చట్టం ఉమ్మడి వంటగదికే గద. రూము లోపట రూము అధికారం," అన్నాడు సమీయుల్లా తాపీగా. "చాయ్ హీటర్ నీ రూముల గూడ ఉన్నది. వండుకుంటె ఎవడు ఆపుతుండె?"

ఇస్తారి నెత్తిన చేతులు పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర పికప్ హారన్ వినిపించింది.

ఆ తర్వాత కమిషనూ కూర్చోలేదు, మండలీ కూర్చోలేదు. సమీయుల్లా, మొయినుద్దీన్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంతే. నమాజుకు బయలుదేరే ముందే అంజి ఎదుట సమీయుల్లా పుల్లటి సాలన్, ఇస్రార్ వేపుడు, మొయినుద్దీన్ ఎర్రటి కారం కూర వచ్చి కూర్చున్నాయి. ఇస్తారి హీటర్ మీద తలకాయ పులుసు కుతకుతలాడుతోంది. తోటివాళ్ల మీద అప్పటిదాకా ఉన్న కోపమంతా కరిగిపోయి, ఇస్తారికి కళ్లు చెమర్చాయి.

"బావా, రోజు గిట్లనే తింటరా?" అన్నాడు అంజి, ముక్క మీద ముక్క నములుతూ.

ఇస్తారి అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "ఇయ్యాల జర తక్కువైంది," అన్నాడు.

మూడు వారాలకు శాంతవ్వ ఉత్తరం వచ్చింది. "రోజుకు నాలుగు తీర్ల శాపలు తింటున్నవట. నా మనసు నిమ్మలమైంది. నిమ్మలంగ ఇంకో కాంట్రాక్టు చెయ్యి. నువ్వు ఆర్నెల్ల సంది అడుగుతున్న మామిడికాయ తొక్కు జాడీ మాత్రం నీకు పంపుతలేను, తమ్మునికి ఇచ్చిన. పాపం, వాడే సగమైండు."

ఇస్తారి ఉత్తరం తీసుకెళ్లి సమీయుల్లా చేతిలో పెట్టాడు. "ఇది ఏ కమిషన్ భాయ్?"

సమీయుల్లా రెండుసార్లు చదివి మడత పెట్టి ఇచ్చాడు. "ఇది మీ ఏజెంటు కమిషనే మియా. తొక్కు పోయినా కాంట్రాక్టు అయితె ఇచ్చింది."