గంటకు నాలుగడుగుల ఎటాకు

తూర్పు కనుమల సైకిల్ టూరు పదిహేడో రోజున, లంబసింగి ఘాట్ రోడ్డు పెద్ద మలుపు దగ్గర ఒంటేలుకి దిగిన పసుపు జెర్సీ కాకుమాను ధనుంజయ్, ఐదో ఏడు వచ్చినా ఇంకా కానిస్తూనే ఉన్నాడు.

ఇందులో నిబంధనలకు విరుద్ధమైనది ఏమీ లేదు. టూరు అంటే ఇరవై ఒక్క రోజుల పందెం. రోజూ ఒక ఊళ్ళో మొదలుపెట్టి ఇంకో ఊళ్ళో ఆపుతారు, ఆ ఒక రోజు దూరాన్ని స్టేజి అంటారు. అన్ని రోజుల సమయమూ కలిపితే ఎవరిది అందరికంటే తక్కువో వాడికి పసుపు జెర్సీ ఇస్తారు. ఆ జెర్సీ వేసుకున్నవాడు దారిలో ఒంటేలుకి దిగితే మిగతా వాళ్ళు ఎటాకు చెయ్యకూడదు, అంటే వేగం పెంచి ముందుకు పారిపోకూడదు. ఇది రూల్సు పుస్తకంలో లేదు. మర్యాద. పుస్తకంలో ఉన్నవాటిని తప్పించుకోవడానికి ఏదో ఒక దారి ఉంటుంది. మర్యాదకి ఆ సౌకర్యం లేదు.

కాబట్టి మిగతా నూట నలభై మూడు మందీ, బస్సులు వెనక్కి తిప్పుకునే ఖాళీ జాగాలో, సైకిళ్ళ మీద నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయారు. పసుపు జెర్సీ లేనివాడు కాలు కింద పెడితే పందెం నుంచి తీసేస్తారు గనక ఆగడానికి లేదు. నిద్రొచ్చినవాడి హ్యాండిలు పక్కవాడు పట్టుకునేవాడు. ఇడ్లీలు, అరటిపళ్ళు టీము కార్ల కిటికీల్లోంచి అందేవి. రెండో ఏడు శ్రావణంలో ఒకడికి పెళ్ళి కూడా అయింది. ఏడడుగులు నడిచే వీలు లేక, పెడలు ఏడుసార్లు తొక్కితే సరిపోతుందని పురోహితుడు ఒప్పుకున్నాడు.

రిఫరీ ఆకొండి సోమయాజులుగారు రోజూ తొమ్మిదింటికి గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, ధనుంజయ్ వెనక పది అడుగుల దూరంలో నిలబడి తనిఖీ చేసేవారు. ఫారంలో రెండే ప్రశ్నలు. ముఖము పొద వైపు ఉన్నదా? ఉన్నది. చేతులు వెనక నుండి కనిపించుచున్నవా? లేదు. ఆ పైన 'లఘుశంక కొనసాగుతున్నది' అని బులెటిన్ అంటించేవారు. అసలు ధార పడుతోందా లేదా అన్న గడి ఫారంలో లేదు. ఎవరో సమాచార హక్కు కింద అడిగితే, అది వ్యక్తిగత సమాచారమని జవాబొచ్చింది.

పడుతున్నదనే చెప్పాలి. రెండో వానాకాలంలో చిన్న నీటిపారుదల శాఖ వాళ్ళు వచ్చి చూసి, మలుపు కింద పారుతున్నదాన్ని కాకుమాను వాగుగా నమోదు చేసుకున్నారు. ఆయకట్టు నలభై ఎకరాలు, పంట రాజ్మా. ఆయకట్టుదారుల సంఘం ఏర్పడింది, దానికో అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు ఎన్నికయ్యారు. ధనుంజయ్‌ది ఏనుగు మార్కు పంపుసెట్ల టీము. అతని వీపు మీద తొండంతో నీళ్ళు చిమ్మే ఏనుగు బొమ్మ ఉంది. అంతకంటే మంచి ప్రకటన ఈ దేశంలో ఏ పంపుసెట్టుకీ దొరకలేదు గనక, కంపెనీ వాళ్ళకి పందెం ముందుకెళ్ళాలన్న తొందరేమీ కనబడలేదు.

తొందరంతా తుమ్మెద మార్కు అప్పడాల టీములో పోలినాయుడికే. నర్సీపట్నం మనిషి. ఆ రోజు స్టేజి ముగిసేది వాళ్ళ ఊరి బస్టాండు దగ్గరే. ధనుంజయ్ కంటే తొమ్మిది సెకండ్లు వెనకబడి ఉన్నాడు. ఘాట్ దిగడంలో అతన్ని కొట్టేవాడు లేడు, ఆ తొమ్మిదీ ఆ దిగుడులోనే లాగేస్తాడని అందరూ అనుకున్నారు. పధ్నాలుగేళ్ళు తొక్కాడు గానీ పసుపు జెర్సీ ఒక్క పూట కూడా ఒంటి మీద వేసుకోలేదు. మోకాళ్ళు ఇంకో టూరుకి రావని డాక్టరు రాసిచ్చాడు. అంటే ఈ టూరులోనే కావాలి. ఈ టూరేమో పొద దగ్గర నిలబడిపోయింది.

పోలినాయుడి టీములో గండి బంగారయ్య అని ఒకడున్నాడు. మంచినీళ్ళ సీసాలు మొయ్యడం, ముందు తొక్కుతూ నాయుడికి గాలి తగలకుండా కాయడం అతని ఉద్యోగం. బీరువా లాంటి మనిషి. ఏడాది చూసి చూసి, పొదే లేకపోతే ఫారంలో మొదటి ప్రశ్నకి 'ఉన్నది' అని రాయలేరు కదా అని, ఒక రోజు లంబసింగి సంతలో మేకని కొనిపించి పొద మీదికి వదిలాడు. మేక సగం పొద తినేసరికి పంపుసెట్ల మేనేజరు జగదీశం పరిగెత్తుకొచ్చి, ధనుంజయ్ ముందు క్రోటన్ మొక్కల కుండీలు మూడు వరసగా పెట్టించి, ఫిర్యాదు రాశాడు. 'మేకను ప్రయోగించుట' అన్న నేరం కింద సోమయాజులుగారు పోలినాయుడికి పది సెకండ్లు శిక్ష వేశారు.

"ఒరే బంగారీ, తొమ్మిదున్నవి పంతొమ్మిది సేసినావు కదరా," అన్నాడు పోలినాయుడు గుండ్రంగా తిరుగుతూ.

"మేక ఆకులు తింటాదనుకున్నాను గానీ బావా, సెకండ్లు పెడతాదనుకున్నానేటి?"

"నువ్వింకేటీ సెయ్యకు."

"సెయ్యను. అడుగుతానంతే." బంగారయ్య సైకిలు రిఫరీ పక్కకి పోనిచ్చాడు. "బాబుగారూ, ఎటాకంటే ఏటండి?"

"హఠాత్తుగా వేగం పెంచి గుంపులోంచి విడిపోవడం."

"హఠాత్తుగా కాకపోతేనండి?"

సోమయాజులుగారు పుస్తకం తీసి చూశారు.

"ఏగం పెంచకపోతేనండి? తగ్గిస్తేనో?"

ఆయన పేజీ తిప్పి అవతలి వైపు కూడా చూశారు. "అప్పుడది ఎటాకు అవదు."

"మరేటవుద్ది?"

"ఏమీ అవదు," అన్నారు సోమయాజులుగారు. చాలా నిజాయితీపరుడాయన.

ఆ మధ్యాహ్నం నుంచి పోలినాయుడు ఏమీ అవని పని మొదలుపెట్టాడు. ముందు బంగారయ్య, వెనక నాయుడు, గుంపు తిరిగే గుండ్రం లోంచి నర్సీపట్నం వైపు బయటికొచ్చారు. గంటకు నాలుగడుగుల వేగం. ఆ వేగంలో సైకిలు పడిపోకుండా నిలబెట్టడం ఎంత కష్టమో తొక్కినవాళ్ళకి తెలుస్తుంది, చూసేవాళ్ళకి నిలబడి ఉన్నట్టే కనిపిస్తుంది. ఎదురుగాలి ఏమాత్రం లేకపోయినా బంగారయ్య ముందే ఉన్నాడు. ఉద్యోగం ఉద్యోగమే.

జగదీశం బైనాక్యులర్స్‌తో వాళ్ళని ఒక్క రోజు కూడా వదలకుండా చూశాడు. కంపెనీకి రోజూ నివేదిక పంపాడు. 'పోలినాయుడు నిన్న ఆరో సిల్వర్ ఓక్ చెట్టు దగ్గర ఉండెను. నేడు తొమ్మిదో చెట్టు దగ్గర ఉన్నాడు. నిన్నటితో పోల్చగా చెప్పుకోదగ్గ మార్పు లేదు.' మర్నాడు పన్నెండో చెట్టు. పన్నెండుకీ తొమ్మిదికీ తేడా ఎంతని? మొదటి రోజుతో పోల్చి చూడమని నివేదిక ఫారంలో ఎక్కడా లేదు, జగదీశం ఫారం దాటి ఆలోచించే మనిషి కాదు.

కాఫీతోటలు మూడుసార్లు పూశాయి. మంచు పడి తెల్లారేసరికి ఇద్దరి కనుబొమలూ తెల్లబడేవి, పదింటికి మళ్ళీ నల్లబడేవి. చింతపల్లి బస్సు డ్రైవరు రోజుకి రెండుసార్లు వాళ్ళని దాటుతూ హారన్ కొట్టి, "నాయుడుగారూ, ఒకింత సూసుకోండి, ముందు డౌనుంది!" అని అరిచేవాడు. బస్సంతా నవ్వేది. నాయుడు తల తిప్పేవాడు కాదు. కింద ఊళ్ళవాళ్ళు మాత్రం రెండో ఏడాదికి నవ్వడం మానేశారు. తమ ఊరి పొలిమేరలోకి ఎప్పుడొస్తాడో రోజులు లెక్కపెట్టుకుని, వచ్చిన నాడు స్వాగత ద్వారం కట్టి, దాటేదాకా పద్దెనిమిది రోజులు ఉంచేవాళ్ళు.

నర్సీపట్నం రెండు కిలోమీటర్లుందనగా పోలినాయుడి భార్య అప్పలనర్సమ్మ క్యారేజీ పట్టుకుని ఎదురొచ్చింది. పక్కన నడవడానికి లేదు గనక పక్కన నిలబడింది.

"ఇంకెన్ని రోజులండి?"

"అరవై ఎనిమిది."

"అయితే ఈ పూట కూడా ఇంటికి బోయినానికి రారన్నమాట."

"పులుసు బాగున్నాది నర్సా. రేపు ఒకింత ముందుకొచ్చి ఇయ్యి."

"ఎంత ముందుకేటి?"

"తొంబై ఆరడుగులు."

మర్నాడు ఆమె సరిగ్గా తొంభై ఆరడుగులు ఇవతల నిలబడి ఉంది.

బస్టాండు ముందు కట్టిన ముగింపు తోరణం పోలినాయుడి కళ్ళకి ఆనిన రోజున జగదీశానికి మొదటిసారి బైనాక్యులర్స్ చాల్లేదు. కారులో ముప్పై ఎనిమిది కిలోమీటర్లు దిగి చూసి, మళ్ళీ ఎక్కొచ్చి, రిఫరీ ముందు గుండె పట్టుకుని నిలబడ్డాడు. "ఎటాకండీ! ముప్పై ఎనిమిది కిలోమీటర్ల ఎటాకు!"

సోమయాజులుగారు టేపు పట్టుకుని వెళ్ళి పోలినాయుడి పక్కన గంటసేపు కూచున్నారు. నాలుగడుగులు. దీన్ని ఎటాకు అనలేమని రాసిచ్చారు. జగదీశం తన టీము వాళ్ళని వెంటపడమన్నాడు. వాళ్ళు పెడలు మీద లేవబోతుంటే రిఫరీ చెయ్యెత్తి, "మీ సొంత నాయకుడు ఒంటేలులో ఉండగా మీరే వేగం పెంచుతారా?" అని అడిగారు. వాళ్ళు సిగ్గుపడి కూచుని, గుండ్రంలో కలిసిపోయారు. మర్యాద అందరికీ ఒకటే.

ఇక మిగిలింది ధనుంజయ్ ఒక్కడే. జగదీశం కుండీల ఇవతల నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఇంక చాలండి. సర్దుకుని బయల్దేరండి. పోలినాయుడు బస్టాండు కాడికొచ్చాడు."

"నిన్న యాడున్నాడయ్యా?" అన్నాడు ధనుంజయ్ వెనక్కి తిరగకుండా.

"బస్టాండుకి రెండు వందల అడుగులు ఇవతలండి."

"మరింకేంది? నిన్నటికీ ఇవాల్టికీ ఏం మారిందని ఇంత గోల?"

దాంతోపాటు ఆయకట్టుదారుల సంఘం అధ్యక్షుడు కలెక్టరాఫీసు ఉత్తరువు తెచ్చి చూపించాడు. రాజ్మా కాయ కట్టే దశలో ఉంది గనక కోతల వరకు ధనుంజయ్‌గారు విరమించరాదని అందులో ఉంది. జగదీశం దాన్ని రెండుసార్లు చదివి, సంతకం పెట్టి, నకలు తీసుకున్నాడు.

చివరి వంద అడుగులకి ఒక రోజూ ఒక గంటా పట్టింది. నర్సీపట్నంలో ఆ రోజు కొట్లు తెరవలేదు. మేడల మీద, లారీల మీద, నీళ్ళ ట్యాంకు నిచ్చెన మీద జనం. తప్పెటగుళ్ళ బృందం ముందు నడుస్తూ వాయించింది గానీ, ఆ వేగానికి సరిపోయేలా దెబ్బకీ దెబ్బకీ మధ్య టీ తాగాల్సి వచ్చింది. ఆఖరి అడుగు పావుగంట. గీతకి జానెడు దూరంలో బంగారయ్య, పధ్నాలుగేళ్ళలో మొదటిసారి, ముందు నుంచి పక్కకి తప్పుకున్నాడు.

"ఎల్లు బావా. ఇంక గాలి నీదే."

ముందు చక్రం గీతని తాకింది. సోమయాజులుగారు గడియారం నొక్కారు. ఇంకా అయిపోలేదు, పంతొమ్మిది సెకండ్లు గడవాలి. ఊరు ఊరంతా లెక్కపెట్టడం మొదలెట్టింది. ఒకటి. రెండు. మూడు. ధనుంజయ్ ముప్పై ఎనిమిది కిలోమీటర్ల అవతల, క్రోటన్ కుండీల వెనక ఉన్నాడని అందరికీ తెలుసు. అయినా పదకొండు దగ్గర ఘాట్ వైపు నుంచి ఏదో చప్పుడు వినిపించి ఐదువేల తలలు ఒక్కసారి అటు తిరిగాయి. చింతపల్లి బస్సు. పన్నెండు. పదమూడు. పోలినాయుడు కళ్ళు మూసుకున్నాడు. అప్పలనర్సమ్మ క్యారేజీ గుండెలకి అదుముకుంది. పదిహేడు. పద్దెనిమిది.

"పంతొమ్మిదీ!"

ఆ కేకకి బస్టాండు రేకులు అదిరాయి. తప్పెటగుళ్ళ వాళ్ళు పదమూడు వందల రోజుల బాకీ ఒక్క దెబ్బలో తీర్చేసేంత వేగంగా వాయించారు. పోలినాయుడు కాలు కింద పెట్టాడు. ఐదేళ్ళ తర్వాత తగిలిన నేలని కాలు గుర్తుపట్టక తడబడితే బంగారయ్య భుజం ఇచ్చాడు. పసుపు జెర్సీ వేశారు. నాయుడు రెండు చేతులూ ముందుకు చాపి, తనవో కావో అన్నట్టు చాలాసేపు చూసుకున్నాడు.

"కూసింత వదులైందండి," అంది అప్పలనర్సమ్మ, ఏడుస్తూ.

"వదులే బాగున్నాది," అన్నాడు నాయుడు, తనూ ఏడుస్తూ.

సోమయాజులుగారు ఆ సాయంత్రమే ఘాట్ ఎక్కి కొత్త బులెటిన్ చదివి వినిపించారు. కాకుమాను ధనుంజయ్ ఇప్పుడు పసుపు జెర్సీ కాదు. అతనికోసం ఆగాల్సిన మర్యాద ఎవరికీ లేదు. గుండ్రంలో ఉన్న నూట నలభై ఒక్క మందీ ఈ క్షణం నుంచి ఇష్టమొచ్చిన వేగంతో వెళ్ళవచ్చు.

ఎవరూ వెళ్ళలేదు.

"అర్థమైందా మీకు? ఆయన ఇప్పుడు మామూలు మనిషి," అన్నారు రిఫరీ.

"అర్థమైందండి," అన్నాడు గుండ్రంలో ఒకడు, నెమ్మదిగా తిరిగి వస్తూ. "కానీ పెద్దమనిషి కదండీ. మధ్యలో ఉన్నారు. కానిచ్చుకోనివ్వండి."

కాబట్టి మర్నాడు పద్దెనిమిదో స్టేజి ఇద్దరితోనే మొదలైంది. జెండా ఊపగానే పోలినాయుడు, బంగారయ్య ఐదేళ్ళుగా దాచుకున్న బలమంతా తీసి తొక్కారు. వాళ్ళు ఊరు దాటాక గానీ ఊపిన జెండా కిందికి దిగలేదు. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి, నాలుగు స్టేజీలూ పోలినాయుడివే. ప్రతి ఊళ్ళోనూ పూలు, మేళాలు, బాణసంచా. ఇరవై ఒకటో రోజు విశాఖపట్నం బీచ్ రోడ్డులో అతను రెండు చేతులూ గాల్లోకి ఎత్తి గీత దాటుతుంటే సముద్రం కూడా వినపడలేదు. మొదటి మెట్టు మీద పోలినాయుడు, రెండో మెట్టు మీద బంగారయ్య, మూడో మెట్టు ఖాళీ. కప్పు నడుమెత్తు ఉంది. దాన్ని నాయుడు తల మీదికి ఎత్తగానే బీచ్ రోడ్డంతా ఒక్క గొంతై అతని పేరు అరిచింది.

వేదిక పక్కన పెద్ద తెర మీద ఆ దృశ్యం పదకొండు సెకండ్లు చూపించారు. తర్వాత తెర మామూలుగా, ఐదేళ్ళుగా నడుస్తున్న లంబసింగి ప్రత్యక్ష ప్రసారానికి మారింది. ఏనుగు బొమ్మ ఉన్న వీపు. వెనక నెమ్మదిగా తిరుగుతున్న సైకిళ్ళు. అరుపులు తగ్గాయి. జనం ఒక్కొక్కరే తెర వైపు తిరిగారు. మేళం వాళ్ళు సన్నాయిలు దించి ముందు వరసలోకి జరిగారు. పోలినాయుడు కప్పు చంకలో పెట్టుకుని, మెట్టు దిగి, అందరి మధ్యా చోటు చూసుకుని నిలబడ్డాడు.

బంగారయ్య వచ్చి జెర్సీ కొస పట్టుకుని లాగాడు. "ఏటి బావా సూస్తన్నావు? నువ్వు గెలిసేసినావు కదా."

"ఉండరా," అన్నాడు పోలినాయుడు, తెర మీంచి కళ్ళు తియ్యకుండా. "అయిపోవచ్చిందేమో."