సముద్రాన్ని వెనక్కి పంపిన చీర

సముద్ర విజ్ఞానం సామాన్యుడి దాకా వెళ్ళాలంటే చీర ఒక్కటే మార్గమని సముద్ర విజ్ఞాన ప్రచార శాఖ మంత్రి అప్పాజీ గారు రాజమండ్రిలో ప్రకటించారు. రిపోర్టులు ఎవరూ చదవరు, చీరయితే అందరూ చూస్తారన్నారు. విలేకరిగా ఇరవై ఏళ్ళ నుంచి ప్రకటనలు రాసుకుంటున్నాను గానీ, ఇంత నిజం ఏ మంత్రి నోటా వినలేదు. ముందుగా చప్పట్లు కొట్టింది నేనే.

డిజైన్ రమ్యశ్రీ గారిది. ఆవిడ తీరం కోత మీద పరిశోధన చేసిన మనిషి, బొమ్మలూ వేస్తుంది. చీరంతా ఆకుపచ్చ నేల, అంచు నీలం సముద్రం. ఒక్కో గజం పదేళ్ళు. గజం గజానికీ అంచు వెడల్పవుతూ పోయి, కొంగు దగ్గర నేల బెత్తెడే మిగులుతుంది. చదువు రాని వాళ్ళకీ ఇట్టే అర్థమవుతుంది. మంత్రిగారికి మాత్రం కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

నేసే పని ఉప్పాడ పక్కన వెంకటదుర్గకి ఇచ్చారు. ఆవిడ ఇంటికీ సముద్రానికీ మధ్య అప్పటికింకా రెండిళ్ళున్నాయి. చీర పూర్తయ్యేలోపు కోత బాధితుల జాబితాలో పేరు చేర్చి, మెరక మీద ఇంటి స్థలం ఇప్పిస్తానని ప్రత్యేకాధికారి సత్యప్రసాద్ గారు మాటిచ్చారు.

నాలుగో గజం నడుస్తుండగా మంత్రిగారు తనిఖీకొచ్చారు.

"మనం అధికారంలోకి వచ్చింది ఎన్నో గజంలోనమ్మా?"

"ఇదేనండి, నాలుగో గజం," అంది రమ్యశ్రీ.

"మరి ఇక్కణ్ణుంచి కూడా అంచు పెరుగుతుందంటారేంటి?"

"డేటా అలాగే ఉందండి."

"డేటాని నేను కాదనను. కాకపోతే దానికి కాస్త పాజిటివ్ థింకింగ్ ఉండాలి. ఇక్కణ్ణుంచి అంచు సన్నబడాలి. కొంగుకొచ్చేసరికి గీతంత చాలు. ఈవిడ ఇల్లు కూడా ఓ బుటాగా వేయించండి. హ్యూమన్ టచ్!"

సముద్రాన్ని ఒక్క మాటతో వెనక్కి పంపిన మంత్రిని కళ్ళారా చూసిన అదృష్టం నాది.

కార్లు కదిలాక రమ్యశ్రీ మగ్గం గుంట పక్కన కూలబడింది.

"నెయ్యొద్దు దుర్గగారూ. పచ్చి అబద్ధం ఇది."

"నాకు తెలీదాండి? రోజూ ఈ గుంటలో ఉప్పునీళ్ళు తోడి కూర్చుంటున్నాను," అంది వెంకటదుర్గ. "నెయ్యకపోతే స్థలం ఎవరిస్తారండి?"

నేసింది. అంచు చెప్పినట్టే సన్నబడింది. కొంగు దగ్గర పచ్చటి నేల మీద చిన్న పెంకుటిల్లు, దానికో కిటికీ కూడా. ఈలోగా ఆవిడ ఇంటి ముందున్న రెండిళ్ళూ సముద్రంలో కలిసిపోయాయి.

జాబితా వచ్చింది. వెంకటదుర్గ పేరు లేదు. ఆవిడతో పాటు నేనూ ఆఫీసుకెళ్ళాను. సత్యప్రసాద్ గారిది ఎంత ఓర్పో! చీర ఫొటో టేబుల్ మీద పరిచి మరీ వివరించారు.

"ప్రభుత్వం ఆమోదించిన సైంటిఫిక్ మ్యాప్ ఇదమ్మా. సముద్రం వెనక్కి పోతోంది. మీ ఇల్లు అంచుకి మూరెడు దూరంలో ఉంది. బాధితుల్లో ఎలా రాయమంటారు?"

"మీరు నెయ్యమంటేనే కదండి నేశాను!"

"నేసిన చెయ్యి మీదే కదమ్మా. ఇప్పుడు కాదంటే ఎలా?"

నిజం చెప్పొద్దూ, ఆ పూట నాకు అన్నం సయించలేదు. 'తోక ముడిచిన కడలి' అని మూడు కాలమ్‌ల వార్త మాత్రం రాశాను.

మంత్రిగారి శాఖ పెట్టిన ఎగ్జిబిషన్ ప్రారంభం రోజున చీరని గాజు పెట్టెలో పెట్టారు. వెంకటదుర్గకి శాలువా కప్పుతుండగా ఆవిడ ఫోను మోగింది. చేసింది పక్కింటి మహాలక్ష్మమ్మ. "మగ్గమైనా బయటికి తీశారా?" అని వెంకటదుర్గ ఒక్కటే అడిగి, ఫోను దించేసింది.

"అయ్యా, మా ఇల్లు పోయిందంటండి. పొద్దున్న సముద్రం లాక్కుపోయిందంటండి."

"ఎక్కడికి పోతుందమ్మా? ఇదిగో!" అని మంత్రిగారు గాజు మీద వేలు పెట్టి బుటాని చూపించారు. హాలంతా చప్పట్లు. ఆవిడ వెళ్ళి పెట్టె ముందు నిలబడింది. ఎంతసేపటికీ కదల్లేదు.

వెనక నుంచి ఫొటోగ్రాఫరు మర్యాదగానే అన్నాడు.

"అమ్మా, కాస్త పక్కకి జరగండి. మీ ఇల్లు కనపడ్డం లేదు."