ఉరుముగారి తలుపు

ఆ రోజుకి ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు మేనేజర్ గదిలోకి వెళ్ళాలి. ఒక్క వాక్యం చెప్పాలి. రెండు గంటల అనుమతి తీసుకుని బతికి బయటపడాలి. పన్నెండింటికి కంటి ఆసుపత్రిలో నాన్నకు కట్టు విప్పుతారు. ఆయనకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న రెండో కంటికి ఆపరేషన్ చేసి నాలుగు రోజులుగా కట్టు కట్టి ఉంచారు. "కట్టు విప్పగానే నీ మొహమే చూడాలమ్మా. ఒకవేళ కనిపించకపోతే, నువ్వు పక్కనుంటే ధైర్యంగా ఉంటుంది" అన్నాడాయన, పిల్లవాడిలా ఆమె చెయ్యి పట్టుకుని.

పొద్దున్న చెప్పులు వేసుకుంటూ కూడా ఆమె ఆ వాక్యాన్నే వల్లె వేస్తోంది. "సార్, మా నాన్నగారికి కట్టు విప్పుతారు, రెండు గంటలు అనుమతి కావాలి."

"బానే ఉంది కదా, అదే చెప్పు" అన్నాడు భర్త.

"మీకేమండీ, ఎన్నైనా చెప్తారు. ఆ మేనేజర్ ముందు నిలబడితే నాకు నాన్నగారి పేరు కూడా గుర్తుండదు."

ఆమె ఉద్యోగం ఫ్రిజ్‌లు తయారుచేసే కంపెనీలో. కొన్నవాళ్ళు రాసే ఫిర్యాదులకు జవాబులు రాయడం ఆమె పని. ఆ విభాగం మేనేజర్‌ని అందరూ చాటుగా 'ఉరుముగారు' అంటారు. చాటుగా అన్నా 'గారు' మాత్రం వదలరు, ఎందుకైనా మంచిదని. కిందటి నెల జ్వరమొచ్చి సెలవడిగిన ఒకాయన్ని ఉరుముగారు అందరి మధ్యా నిలబెట్టి గంటసేపు కడిగేశారు. మర్నాడు ఆయన రాజీనామా తెస్తే, తెచ్చినందుకు మరో గంట కడిగారు.

ఉరుముగారి పాలనలో కొన్ని పద్ధతులుండేవి. సెల్‌ఫోన్లు గేటు దగ్గరే అప్పజెప్పాలి. కబుర్లు చెప్పుకుంటున్నారని ఇంటర్‌కమ్ పీకించేశారు. తన గది అద్దాలకు నల్ల కాగితం అంటించి, తలుపుకి మందపాటి దూది పట్టీ వేయించారు, లోపలి మాట బయటికి పోకూడదని. ఎవరినైనా పిలవాలంటే లోపలి నుంచి తలుపు మీద కొడతారు. ఒక్క దెబ్బ అయితే అటెండరు, రెండయితే హెడ్ క్లర్కు. మూడు పడ్డాయంటే ఎవరికో మూడిందని అర్థం. పిలవకుండా వెళ్తే, వెళ్ళినవాళ్ళకే మూడుతుంది.

ఆమె తొమ్మిదింటికి వెళ్ళేసరికి ఆఫీసంతా బిక్కచచ్చిపోయి ఉంది.

"ఎనిమిదిన్నరకి టీ ఇచ్చి, తలుపు గట్టిగా లాగి మూసి వచ్చానమ్మా. అప్పట్నుంచీ కొడుతూనే ఉన్నారు" అన్నాడు అటెండరు.

"ఎన్ని?"

"ముప్ఫైదాకా లెక్కపెట్టాను. తర్వాత చేతకాలేదు."

అంతలో ధన్, ధన్, ధన్ మని తలుపు అదిరింది. పద్నాలుగు తలలు ఒక్కసారిగా బల్లల మీదికి వాలాయి. ముప్ఫై దెబ్బలంటే ఒకరితో పోయేది కాదు.

హెడ్ క్లర్కు ఆఫీసులో అందరికంటే పెద్దవాడు. అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు. ఆయన జేబురుమాలు పిండుకుంటూ ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. "అమ్మాయ్, నిన్న నేను పంపిన నివేదికలో ఒక పేజీ తలకిందులుగా పెట్టానేమోనని అనుమానంగా ఉంది."

"దానికి ముప్ఫై కొడతారా బాబాయ్?"

"తలకిందులు కదమ్మా!"

కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది. "నిన్న ఆయన ఎదురొస్తే నేను నవ్వానక్కా. నమస్కారంగానే నవ్వాను. వెక్కిరించాననుకున్నారేమో."

తలుపు వెనక ఏదో గొణుగుడు వినిపించింది. ఉరుముగారు లోపల గొంతు చించుకుని అరుస్తున్నారని తెలుస్తూనే ఉంది. దూది పట్టీ పుణ్యమా అని ఒక్క ముక్కా అర్థం కావడం లేదు.

పది దాటాక తలుపు కింది సందులోంచి ఒక కాగితం బయటికి జారింది. దాని చుట్టూ అందరూ నిలబడ్డారు గానీ ఎవరూ వంగలేదు. చివరికి బాబాయే తీశాడు. ఉరుముగారి చేతిరాత ఆయనకి తప్ప దేవుడికి కూడా అర్థం కాదు. పైగా దాని మీద టీ ఒలికి మొదటి పదం సగం చెరిగిపోయింది.

"ఏదో... 'పు'. తర్వాత 'తీయండి'. తర్వాత 'వెంటనే'." బాబాయ్ కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆయన మొహం పాలిపోయింది. "తీయండి కాదిది. తీసేయండి. వెంటనే తీసేయండి!"

"ఎవర్నండీ?" అన్నాడు అటెండరు.

"చివర 'పు' ఉంది... గ్రూపు! గ్రూపు మొత్తం తీసేయమంటున్నారు!"

ఒకావిడ కుర్చీలో కూలబడిపోయింది. ఇంకొకాయన సొరుగులోంచి తన కప్పు, గొడుగు తీసి సంచిలో పెట్టుకోసాగాడు. ఆమె గడియారం కేసి చూసింది. ఈ ఉద్యోగం పోతే నాన్న మందులెలా? అసలు పన్నెండింటికి అక్కడికెలా?

"క్షమాపణ రాద్దాం. అందరం సంతకాలు పెడదాం" అన్నాడు బాబాయ్. "రాయమ్మా. 'మేము చేసిన తప్పులన్నీ ఒప్పుకుంటున్నాము.'"

"ఏ తప్పులు బాబాయ్?"

"అది ఆయన చెప్తారు. మనం ఒప్పుకోవడం ముఖ్యం."

పద్నాలుగు సంతకాలతో ఆ కాగితాన్ని తలుపు కిందనుంచి లోపలికి తోశారు. ఆ తర్వాత తలుపు మీద పడ్డవి చేతి దెబ్బలు కావు, కాలితో తన్నులు. వెనకే రెండో కాగితం వచ్చింది. ఈసారి అక్షరాలు పెద్దవిగా, గుండ్రంగా, అచ్చు వేసినట్టున్నాయి. 'మూర్ఖుల్లారా' అని ఒక్కటే మాట.

"చూశావా, క్షమాపణ సరిపోలేదు" అన్నాడు బాబాయ్. వెంటనే రెండో క్షమాపణ మొదలుపెట్టాడు. ఇందులో చేయబోయే తప్పులు కూడా చేర్చాడు.

గోడ గడియారంలో పదకొండున్నర అయింది. నాన్న ఈపాటికి ఆసుపత్రి బల్ల మీద కూర్చుని అడుగుల చప్పుడు వింటూ ఉంటాడు. ప్రతి అడుగూ కూతురిదే అనుకుంటాడు. ఆమె లేచి నిలబడింది.

"ఎక్కడికక్కా?" అంది కంప్యూటరమ్మాయి, చెయ్యి పట్టుకుని.

"ఎలాగూ తీసేశారుగా. ఇంకోసారి తీసెయ్యలేరు."

మాటైతే అంది గానీ, తలుపుదాకా ఉన్న ఆ పది అడుగులూ వెయ్యడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో. తలుపు ఉండుండి అదురుతోంది. వెనక అందరూ గోడకి అతుక్కుపోయారు. ఆమె కళ్ళు మూసుకుని, పిడి తిప్పి, తలుపు లాగింది. తలుపు మామూలుగా తెరుచుకుంది.

ఎదురుగా ఉరుముగారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. జుట్టు నాలుగు దిక్కులా లేచింది. ఒక చేతిలో బూటు, ఇంకో చేతిలో లోపలివైపు నుంచి ఊడొచ్చిన తలుపు పిడి. సెల్‌ఫోన్ కారులో మర్చిపోయి, మూడు గంటలుగా ఆయన తన గదిలో తానే బందీ అయి ఉన్నారు. ఈలోగా టీ, కూజాలో నీళ్ళు మొత్తం తాగేశారు కూడా.

ఆమెకు ఇవేవీ కనిపించలేదు. కళ్ళు మూసుకునే వల్లె వేసింది. "సార్, మా నాన్నగారికి కట్టు విప్పుతారు, రెండు గంటలు..."

"వెళ్ళు! అడ్డు లే, వెళ్ళు వెళ్ళు!" అంటూ ఉరుముగారు ఆమెను దాటుకుని, ఒంటి బూటుతో, కారిడార్ చివర ఉన్న బాత్రూం వైపు పరుగెత్తారు.

మూడుసార్లు వెళ్ళమన్నట్టు ఆమెకి వినిపించింది. సంచి అందుకుని ఆమె కూడా పరుగెత్తింది.

ఆసుపత్రిలో ఆఖరి పొర దూది తీసినప్పుడు నాన్న రెప్పలు కొట్టుకుని, వెలుతురుకి తట్టుకోలేక నీళ్ళు కారుస్తూ, ఆమె వైపు చాలాసేపు చూశాడు.

"కనిపిస్తున్నానా నాన్నా?"

"కనిపిస్తున్నావమ్మా. మొహం అలా ఉందేమిటి? ఎవరైనా కొట్టారా?"

"లేదు నాన్నా. తలుపే కొట్టారు" అంది. నవ్వబోయి ఏడ్చింది. ఆమె ఎందుకేడుస్తోందో తెలియక, చూపు వచ్చినందుకే అనుకుని డాక్టరు కూడా సంతోషించాడు.

మర్నాడు ఆఫీసుకి ఆమె ఖాళీ సంచి తీసుకెళ్ళింది, సొరుగులో సామాను తెచ్చుకోవడానికి. కూర్చుందో లేదో ధన్ ధన్ ధన్ మని మూడు దెబ్బలు పడ్డాయి. అందరూ ఆమె వైపే చూశారు. బాబాయ్ ఆమె తల మీద చెయ్యి వేసి, పెళ్ళిలో అప్పగింతలప్పుడు చూసినట్టు చూశాడు.

ఉరుముగారి బల్ల మీద రెండు క్షమాపణలూ ఉన్నాయి.

"మూడు గంటలు. పద్నాలుగు మంది. ఒక్కరికి కూడా తలుపు తీయాలనిపించలేదు. ఎందుకని?"

"భయం సార్" అనేసింది ఆమె. అన్నాక పైప్రాణాలు పైనే పోయాయి.

ఉరుముగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన మొహంలో ఎన్నడూ చూడని ప్రశాంతత కనిపించింది.

"మంచిది. భయం ఉండాలి. ఆ విషయంలో ఆఫీసు బాగా నడుస్తోంది." కాసేపు ఆమెను ఎగాదిగా చూశారు. "నీకు మాత్రం కొంచెం తక్కువగా ఉంది. పరవాలేదు, పనికొస్తుంది."

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. ఫిర్యాదుల క్లర్కుగా ఉన్న ఆమెను 'మేనేజర్ ద్వార పర్యవేక్షకురాలు'గా నియమించారు. బల్ల తలుపు పక్కకి మార్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. అవి కూడా మెల్లగా, లోపలికి వినపడకుండా. బాబాయ్ కళ్ళజోడు సర్దుకుని ఉత్తర్వుని పైకి చదివాడు. ఈసారి టైపు చేసిన కాగితం కాబట్టి తప్పు చదవడానికి వీల్లేకపోయింది. చివర ఒక్కటే షరతు ఉంది: మేనేజర్‌గారు గదిలో ఉన్న ఏ రోజూ ఆమె సెలవు పెట్టరాదు.