కృష్ణబిలానికి పుట్టుక సర్టిఫికెట్

అక్షరాలు ఆలస్యంగా నేర్చినదాన్ని. ఒత్తులు తప్పితే మన్నించండి. నాలాగే కూడబలుక్కుని చదివే ఉచ్చీరమ్మ కథ ఇది. నేను నిదానంగా రాస్తాను, మీరూ నిదానంగా చదవండి.

ఆదోని విజ్ఞాన వికాస కమిటీ చైర్మన్ దేవేంద్రప్ప గారు చారిత్రక ప్రకటన చేశారు: "ఆదిమ కృష్ణబిలాల పుట్టుక పరీక్ష సభ. అందరూ రావాలి."

ఎమ్మిగనూరు బస్టాండులో కట్టిన ఆ ప్రకటన బ్యానరును ఉచ్చీరమ్మ కూడబలుక్కుని చదివింది. 'కృష్ణ' దగ్గర ఒత్తులకు జడిసి దాటేసింది. 'పుట్టుక పరీక్ష' మాత్రం స్పష్టంగా వచ్చింది. కాగితాలు కొంగున కట్టుకుని ఆదోని బస్సెక్కింది.

ఆమె ఆధార్‌లో పుట్టిన సంవత్సరం యాభై ఆరు కాస్తా తొంభై ఆరైంది. భర్త పోయింది తొంభై నాలుగులో. పుట్టకముందే పోయినవాడికి భార్య ఎలా అవుతుందని వితంతు పింఛను ఆపారు. ఆఫీసువారి తర్కం అంత పకడ్బందీగా ఉంటుంది.

వేదిక మీద శాస్త్రవేత్త సాయిసుధ చెబుతోంది: "రెండు కృష్ణబిలాలు ఢీకొంటే ఆకాశమే వణుకుతుంది. ఆ వణుకును పట్టి బరువు తేలుస్తాం. సూర్యుడికన్నా తేలికైనది దొరికితే, అది నక్షత్రం చచ్చి పుట్టింది కాదు, నక్షత్రాలకన్నా ముందే పుట్టిందని నమ్మొచ్చు. ఖాయంగా ఇంకా దొరకలేదు."

"దొరికేదాకా ఆగేదేంది?" అన్నారు చైర్మన్. "పేర్లోనే కృష్ణ ఉంది. మన కృష్ణగిరిలోనే పుట్టిందని తీర్మానం చేస్తాండాం!"

చప్పట్లు. ఉచ్చీరమ్మ లేచింది.

"అమ్మా, దానికి ఆధార్ ఉండాదా?"

"లేదవ్వా. వణుకు, బరువు తెలిస్తే చాలు."

"అట్లయితే నన్ను గూడా తూయండి. సేతులు ఎప్పుడూ వణుకుతానే ఉంటాయి."

చైర్మన్ ఆమె కాగితాలు చూసి నవ్వారు. "మొగుడు సచ్చిన రెండేండ్లకు పుట్టినావు. యాడన్నా ఉందా అవ్వా?"

"నక్షత్రాలకన్నా ముందు పుట్టిందంటే ఒప్పుకున్నారు కదా సార్?" అంది సాయిసుధ.

"అది సైన్సమ్మా. ఇది ఆధార్."

వెంటనే సర్టిఫికెట్ తయారైంది. పేరు: కృష్ణబిలం. ఊరు: కృష్ణగిరి. తల్లి: వర్తించదు. సాక్షి గడి ఖాళీగా ఉంది.

"అంత పాతకాలం సూసినోళ్లు ఎవరుండారప్పా?" చైర్మన్ సభంతా కలియజూసి ఉచ్చీరమ్మ దగ్గర ఆగారు. "అవ్వా, ఈడ అందరికన్నా పెద్దదానివి నువ్వే. సంతకం పెట్టు."

"పెడితే నా పింఛను?"

"ముందు పెట్టు. వయసు మాత్రం ఆధార్‌లో ఉన్నట్లే రాయాల."

ఆమె నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం దిద్దింది. ముద్ర పడింది.

సాక్షి:
ఉచ్చీరమ్మ,
వయసు ముప్పై,
ప్రస్తుతం ఎమ్మిగనూరులో, నలభై రెండేళ్ల కొడుకు ఈరేష్ దగ్గర.