కవరు ఆవిష్కరణ సభ

భిలాయి తెలుగు ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, 1994 జూలై నుంచి గురునాథరావు అనే నేను ఎగ్జిక్యూటర్‌నయ్యాను. శుభవార్త అని రాయబోతే మా ఆవిడ ఆపింది. ఈ పదవి నాకు రావడానికి ఒక మనిషి పోవలసి వచ్చిందట.

పోయినవాడు గోపాలం. రోలింగ్ మిల్లు ఫిట్టరు, నా పాత స్నేహితుడు, పెళ్లి చేసుకోలేదు. భిలాయి-3లో కట్టుకున్న రెండు గదుల ఇల్లు వితంతువైన అక్క అచ్చమ్మకి రాసి, ఆ వీలునామా అమలు చేసే బాధ్యత నాకిచ్చాడు. దాంతోపాటు లక్క సీలు వేసిన కవరొకటి. పైన "ఇంటి తాళం. వెంటనే విప్పు" అని ఉంది.

ఇరవయ్యేళ్లుగా మా భిలాయి తెలుగు సంఘానికి జాయింటు సెక్రటరీని. వెంటనే ఏ పనీ చేసి ఎరగను. ముందు దుర్గ్ వెళ్లి వకీలు సుబ్రహ్మణ్యంగారిని కలిశాను.

"పదవి కాదండీ, చాకిరీ. కవరు విప్పండి. ఇల్లు చూసి సామాను జాబితా రాయండి. అప్పులుంటే తీర్చి, మిగిలింది ఆవిడకి అప్పజెప్పండి. మీ జాప్యంవల్ల నష్టమొస్తే మీరే భరించాలి."

"లెటర్‌హెడ్ వేయించుకోవచ్చా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అభ్యంతరం లేదని అర్థం చేసుకున్నాను.

లెటర్‌హెడ్, రబ్బరు స్టాంపు, నేంప్లేటు వచ్చాయి. సంఘం నాకు సన్మానం చేసింది. దండ నేనే తెచ్చుకున్నాను.

అచ్చమ్మ సెక్టర్ 6 నుంచి నడిచి వచ్చింది. "మా తమ్ముడికిచ్చిన కంపెనీ క్వార్టరు నెలాకరికి కాళీ సెయ్యమన్నారు బాబూ. కవరు ఇప్పేరా?"

"అంత ముఖ్యమైన కవరును కూరగాయల కత్తితో కోస్తామా అక్కా! సభపెట్టి మంత్రిగారి చేత విప్పిస్తాను."

"మంత్రిగోరికి మా తమ్ముడు తెలుసేటి?"

"తెలీదు. అదే నిష్పక్షపాతం."

మంత్రిగారు మూడుసార్లు తేదీ ఇచ్చి మూడుసార్లూ మార్చారు. మూడుసార్లూ కరపత్రాలు వేయించాను. అచ్చమ్మ ప్రతిసారీ వచ్చి "ఇప్పేరా?" అని మాత్రమే అడిగి వెళ్లేది. తాళం ఇమ్మని ఒక్కసారీ అడగలేదు. ఆవిడ ఓర్పు నాకు ముచ్చటేసింది.

నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చేసేసింది. ఎక్కడికి వెళ్లిందో కనుక్కోవడానికి ముగ్గురు సభ్యుల ఉపసంఘం వేశాను. కన్వీనర్ని నేనే. నిజం చెప్పాలంటే ఆ పూట నాకు అన్నం సహించలేదు. కవరు తీసి, సీలు మీద వేలు పెట్టి, మళ్లీ బీరువాలో పెట్టేశాను. కరపత్రాలు అప్పటికే పంచేశాం మరి.

చివరికి మంత్రిగారు వచ్చారు. ఉపసంఘం ఇంకా నివేదిక ఇవ్వలేదు గానీ, అచ్చమ్మ ముందు వరసలోనే కూర్చుని ఉంది. మంత్రిగారు ఉక్కు గురించి హిందీలో నలభై నిమిషాలు మాట్లాడి సీలు పగలగొట్టారు. తాళంచెవితోపాటు ఒక కాగితం ఉంది.

"పఢియే, భాయీసాబ్," అని నాకిచ్చారు. మైకు ముందు గొంతు సవరించుకుని గంభీరంగా చదివాను.

"గురునాథం, ఇది నువ్వు వెంటనే విప్పుతావని నేనూ, విప్పవని అక్కా పందెం కాసుకున్నాం. రెండో తాళంచెవి అక్క దగ్గరే ఉంది, బెంగపడకు. నేనే గెలుస్తాను. కింద తేదీ వెయ్యి."

అచ్చమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ లేచింది. "తేదీ ఎయ్యండి బాబూ."

వేశాను. కవరు నా చేతికొచ్చిన నూట పదమూడో రోజు. కింద సంతకం చేసి స్టాంపు కూడా కొట్టాను.

తెలుగు రాని మంత్రిగారు లేచి చప్పట్లు కొట్టారు.