చెన్నయ్య మంద మీద రోమన్ అంకెలు

ఆ ఆదివారం పొద్దున చెన్నయ్య అనుకున్న పని చాలా చిన్నది. ముందు రోజే ఊరందరి గొర్రెలకూ ఉన్ని కత్తిరించారు. ఉన్నితోపాటు వీపుల మీది గుర్తులూ పోయాయి. గొర్రెలున్న ప్రతి ఇంటికీ ఒక గుర్తుంటుంది. చెన్నయ్య ఇంటిది గుండ్రటి చుక్క. డబ్బాలో ఎర్ర జాజు కలిపి, ఒక్కో వీపు మీద ఒక్కో చుక్క పెట్టి, ఎండ ముదరక ముందే మందను గుట్టకు తోలుకుపోవాలి. అంతే.

చెడగొట్టింది కోపం. చెన్నయ్యకు అది ముక్కు మీదే ఉంటుంది, పిలవనక్కర్లేదు. జాజు కలుపుతుండగా ఆరో తరగతి చదివే కూతురు మల్లిక గోడవారన కూర్చుని ఏడుస్తూ కనబడింది.

"ఏమైందే?"

"రేపు రోమన్ అంకెల పరీక్ష నాయినా. నాకు వస్తలేవు. కమలాకర్ సారేమో ‘మీ నాయిన దినాం గొర్లను లెక్కవెడ్తడు గద, పోయి ఆయన్నే అడుగు’ అన్నడు. క్లాసంత నవ్విన్రు."

చెన్నయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"గంత మాటంటడా! నా గొర్లంటే గాయనకు నవ్వులాటయిందా? పట్టు గీ కుంచె! నా గొర్ల మీదనే రాయి. రేపు ఆయన ముంగట గడగడ అప్పజెప్పాలె!"

"గుర్తు పెట్టేకాడ అంకెలేందయ్యా? కోపముంటె సారు మీద జూపియ్యి, గొర్లేం జేసినయ్?" అంది భార్య సత్తమ్మ.

"నువ్వు ఊకో!"

సత్తమ్మ ఊరుకుంది. ఊరుకోకపోయి ఉంటే బాగుండేది. చెన్నయ్య ఒక్కో గొర్రె మెడ పట్టుకుంటే, మల్లిక పుస్తకం చూసి ఒక్కో అంకె వేసింది. నిలువు గీత ఒకటి, కింద కలిసిన రెండు గీతలు ఐదు, అడ్డంగా కోసుకున్న రెండు గీతలు పది. మంద సగానికి వచ్చేసరికి పుస్తకం పక్కన పెట్టేసింది, ఆఖరిదైన ముప్పైకి వచ్చేసరికి ఏడుపు మరిచిపోయింది. చెన్నయ్య మాత్రం గీతల వంక చూడనే లేదు. సారును ఎలా కడిగెయ్యాలో మనసులో మాటలు పేర్చుకుంటున్నాడు.

గుట్టకు పోయే ముందు ఊరి మందలన్నీ బోరు తొట్టి దగ్గర నీళ్లు తాగుతాయి, కలిసిపోతాయి. అక్కడ మొదలైంది. కోమల ఇంటి గుర్తు నిలువు గీత. వీరేశం ఇంటిది నామం లాంటి గుర్తు. పెద్దులు ఇంటిది కత్తెర గుర్తు. ముప్పై దాకా రాయడానికి కావలసిన సరుకంతా ఈ మూడిళ్లలోనే ఉంది.

"గీ పొట్టేలు నాది," అంటూ పెద్దులు కత్తెర గుర్తున్న ఒక పొట్టేలు మెడ మీద చెయ్యేశాడు.

"ముట్టినవంటే చెయ్యి ఇరగ్గొడ్త! గది నా మంద!" చెన్నయ్య దాని కొమ్ములు రెండూ ఒడిసిపట్టాడు.

అప్పటికే మూడు గీతలున్న గొర్రెను కోమల పక్కకు లాగింది. నామం గుర్తున్నదాన్ని వీరేశం తోలుకున్నాడు. అసలు తంటా కలిసిన గుర్తులతో వచ్చింది. ఆ ఊళ్లో గొర్రెను కొంటే అమ్మినవాళ్ల గుర్తు చెరపరు, దాని పక్కనే కొన్నవాళ్ల గుర్తు వేస్తారు. ఆ లెక్కన నాలుగో నంబరు గొర్రెను కోమల వీరేశానికి అమ్మేసినట్టు.

"నీకు నేనెప్పుడమ్మిన్రా దొంగోడా?" కోమల వీరేశం మీదికి లేచింది.

పద్నాలుగో నంబరు ఏకంగా పెద్దులు నుంచి కోమలకూ, కోమల నుంచి వీరేశానికీ చేతులు మారింది. ముగ్గురూ ఒకరి తాతముత్తాతల్ని ఒకరు లేపారు.

"అరే, గవి గుర్తులు గావు, అంకెలు!" చెన్నయ్య గొంతు చించుకున్నాడు.

"అంకెలు మాకెరుక లేవా? గియ్యి యాడి అంకెలు?" అన్నాడు వీరేశం.

"మొఖాలు జూడున్రి! నా గొర్ల మొఖాలు నాకెరుక!"

పెద్దులు కళ్లెర్రజేశాడు. "మొఖం మాట చెల్లదు, గుర్తే సాక్ష్యమని పోయినేడు పంచాతిల ఒర్రి నా గొర్రెను గుంజుకపొయ్యిందెవ్వడు? నువ్వు గాదా?"

చెన్నయ్యే. అప్పుడు కూడా కోపంలోనే అన్నాడు. చుట్టూ చూస్తే మంద మూడు పాయలుగా విడిపోయి పోతోంది. సత్తమ్మ తొట్టి గట్టున కూలబడి ఏడుస్తోంది. ఆ మంద తప్ప వాళ్లకు గుంట భూమి లేదు. చెన్నయ్యకు మొదటిసారి కోపం పోయి భయం పట్టుకుంది.

"సారు వస్తె చెప్తడు నాయినా, అంకెలని," అంది మల్లిక.

"నేను గాయన్ను బతిమాలాల్నా?" కొమ్ములు వదలకుండానే అరిచాడు.

సత్తమ్మ కళ్లు తుడుచుకుని, ఫోను కలిపి, మొగుడి చెవికి అదిమింది. "సారూ, జర రాండ్రి," అన్నాడు చెన్నయ్య, తిట్టినట్టే.

పొరుగూరి నుంచి కమలాకర్ బండి మీద వచ్చాడు. గొర్రెలను చూసి నవ్వలేదు. "అంకెలే ఇవి. మల్లికా, చదువమ్మా," అన్నాడు. మల్లిక వీపుల మీద చెయ్యి వేస్తూ, ఎక్కడా తడబడకుండా ముప్పై దాకా చదివింది. జనం సద్దుమణిగారు. కోమల, వీరేశం గొర్రెలను వదిలేశారు. పెద్దులు కూడా వదిలేశాడు, ఆ పొట్టేలును తప్ప.

చెన్నయ్య ఛాతీ పొంగింది. "ఇప్పుడు నవ్వమనున్రి సారూ, మీ క్లాసును!"

"పిల్లలు నవ్విన్రు, వాళ్లను కోప్పడ్డ గూడ. నేను ఎగతాళికన్లేదు చెన్నయ్యా. ఒక్కటి తప్పిపోకుంట మందను చూసుకునేటాయన బిడ్డకు అంకెలు నేర్పలేడా అనుకున్న. నేర్పినవ్ గద," అని సారు ఆగాడు. "గని, మీ మందల పదులు రెండున్నయి."

ఒక పది తొట్టి దగ్గర నీళ్లు తాగుతోంది. రెండోది చెన్నయ్య గుప్పిట్లో ఉంది. మల్లిక దగ్గరికొచ్చి చూసింది.

"నాయినా, గిది నేను రాసింది గాదు."

"కాదు మరి, నేనేసింది," అన్నాడు పెద్దులు. "మొఖాలెరుకంటివి గదరా?"

చెన్నయ్య కొమ్ములు వదిలాడు. పొట్టేలు తల విదిలించుకుని తిన్నగా పెద్దులు మందలోకి పోయింది. పెద్దులు ఒక్క తిట్టు కూడా తిట్టకుండా మందను తోలుకుపోయాడు. అదే అతనికి ఎక్కువ మండింది.

చుక్కలు పెట్టడానికి మందతో ఇంటిదారి పట్టాక కోప్పడటానికి మనిషి దొరకలేదు. సారు మంచివాడని తేలింది, పెద్దులు మాట నిజమైంది, పిల్లకు చదువొచ్చింది, సత్తమ్మ ముందే చెప్పింది. చాలా దూరం పళ్లు నూరుతూ నడిచి, ఆఖరికి అడిగాడు.

"బిడ్డా, గా రోమోళ్లు యాడుంటరే? ఆలంపూరు దాటినంకనా?"

"శానా దూరం నాయినా. సముద్రం దాటాలె."

"బతికిపోయిన్రు," అన్నాడు చెన్నయ్య.